అమ్మానాన్నలతో డెల్ఫ్ట్‌లో ఒక్కరోజు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

బందరబ్బాయి:
నమస్తే అండీ. మేముండేది నెదర్లాండ్స్‌లో, ఐన్‌డోవెన్‌లో. అమ్మానాన్న బందరు నుంచి వచ్చి మూడు వారాలైంది. ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్తే ఆ సైకిళ్ళ మధ్య రోడ్డు దాటలేక ఇద్దరూ టెన్షన్ పడిపోయారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఈ శనివారం డెల్ఫ్ట్ వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామని. ఏం చూపించమంటారు?

కాలువగట్టు:
డెల్ఫ్ట్‌లో ఆరేళ్ళు కాపురం చేశాను, చెప్తాను. శనివారమే మంచిది. ఆదివారం రెండు పెద్ద చర్చిల్లోకీ సందర్శకులను రానివ్వరు.

ముందు పాత చర్చికి వెళ్ళండి, ఔడె కెర్క్ అంటారు. 75 మీటర్ల గోపురం దాదాపు 2 మీటర్లు ఒరిగి ఉంటుంది. కాలువ పూడ్చిన చోట కట్టారు, అందుకని కుంగింది. మా అత్తగారు మొదటిసారి చూసి "పద పద, దీని కింద నుంచోకు" అని నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళిపోయారు. లోపల నేలంతా సమాధి రాళ్ళే, వాటిమీదే నడవాలి. మనవాళ్ళకి కాళ్ళు ఆడవు, ముందే చెప్పి ఉంచండి. చిత్రకారుడు వెర్మీర్ సమాధి అక్కడే. 1675లో అప్పులతో పోయాడు పాపం. ఆయన వేసిన బొమ్మ ఒక్కటీ ఇప్పుడు ఊళ్ళో లేదు. ఈ ఊరినే వేసిన బొమ్మ చూడాలన్నా హేగ్ వెళ్ళాలి.

కొత్త చర్చిలో, స్పెయిన్ మీద తిరగబడిన డచ్ నాయకుడు విలియం సమాధి ఉంది. 1584లో ఆయన్ని ఈ ఊళ్ళోనే కాల్చి చంపారు. సమాధి మీది పాలరాతి విగ్రహం పాదాల దగ్గర ఓ కుక్క పడుకుని ఉంటుంది, అమ్మగారికి చూపించండి. గోపురం మాత్రం వద్దు. 376 మెట్లు, ఇరుకుగా మెలికలు తిరుగుతూ పోతాయి. "తిరుమల నడిచెక్కినవాణ్ణి, ఇదెంత" అన్న మా మావయ్యగారు సగంలో గోడకి చేరగిలబడ్డారు. పైనుంచి దిగేవాళ్ళు, కిందనుంచి ఎక్కేవాళ్ళు, మధ్యలో మేము.

మిగతా పూట ఏ కాలువ పక్కనో బెంచీ చూసుకుని కూర్చోండి. పులిహోర కట్టుకెళ్ళండి. టీ మీద ఆశ పెట్టుకోవద్దు. పుదీనా టీ అడిగితే గ్లాసుడు వేడినీళ్ళలో పచ్చి రెమ్మలు ముంచి ఇస్తారు, అది నయం.

నీలిరంగు:
డెల్ఫ్ట్ నీలం పింగాణీ కొంటే కాస్త చూసుకోండి. చైనా పింగాణీని చూసి 17వ శతాబ్దంలో ఇక్కడివాళ్ళు మొదలుపెట్టిన పని ఇది. అంగళ్ళలో చవగ్గా దొరికేవి చాలావరకు అచ్చు వేసినవే. చేత్తో వేసినదైతే కుంచె జాడ తెలుస్తుంది, నీలం ఒకచోట ముదురు, ఒకచోట పలచన. వేసవి శనివారాల్లో కాలువల వెంట పాత సామాన్ల సంత కూడా ఉంటుంది.

కాలువగట్టు:
అన్నట్టు మీది బందరు కదా! ఔడె డెల్ఫ్ట్ కాలువ మీద 39వ నంబరు ఇల్లు చూపించండి. డచ్ ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ అందులోనే నడిచేది. ఆ కంపెనీవాళ్ళు 1605లోనే బందరొచ్చి కొట్టు పెట్టారు, మన అద్దకాల కోసం.

బందరబ్బాయి:
వెళ్ళొచ్చామండీ. రెండు చర్చిలు, ఒక బెంచీ, అంతే. పులిహోర మెతుకు మిగల్లేదు. ఆ ఇంటి ముందు మాత్రం నాన్న కదల్లేదు. "మన బందర్లో వలందపాలెం అంటే వీళ్ళ పేరేరా, వలందులంటే హాలండు వాళ్ళు" అని బాబాయికి వీడియోకాల్ చేసి తలుపు చూపించారు. బాబాయి అంతా విని, "అయితే లోపలికి రమ్మన్నారా?" అన్నాడు.