తమ్ముడు రిమాండులో ఉన్నాడు: ములాఖత్‌కి, విడుదలకి ఎవర్ని అడగాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సింగ్ నగర్. కొట్లాట కేసులో మా తమ్ముణ్ణి గురువారం రిమాండుకి పంపారు. గాంధీనగర్ జిల్లా జైల్లో ఉన్నాడు. స్టేషన్‌కి వెళ్తే "ఇక మా చేతుల్లో లేదమ్మా" అంటున్నారు. వాణ్ణి ఎలా చూడాలి? రాజమండ్రికి పంపేస్తారని ఎవరో చెప్పారు, అమ్మకి ఒకటే టెన్షన్. రెండ్రోజులుగా అన్నం ముట్టలేదు.

జవాబు: అమ్మా, నేను గుంటూరు కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా చాలా ఏళ్లు చేశాను. స్టేషన్ వాళ్లు చెప్పింది నిజమే. పోలీసు శాఖ, జైళ్ల శాఖ రెండూ హోం శాఖ కిందవే గానీ, దేని అధికారులు దానికి వేరు. రిమాండు వేసేది, పొడిగించేది, బెయిలిచ్చేది కోర్టు. లోపల ఉన్నన్నాళ్లూ తిండి, వైద్యం, ములాఖత్ (అంటే లోపలున్నవాళ్లని ఇంటివాళ్లు కలవడం) చూసేది జైలు సూపరింటెండెంట్, ఆయన కింద జైలర్లు, వార్డర్లు. కాబట్టి ములాఖత్ కోసం నేరుగా జైలు గేటు దగ్గరికే వెళ్లండి. మీ ఆధార్ కార్డు పట్టుకెళ్లి, ఏ రోజుల్లో ఏ వేళల్లో ఇస్తారో అక్కడే అడిగి రాసుకోండి. ఈ-ములాఖత్ అని వీడియోలో మాట్లాడే పద్ధతి కూడా ఉంది.

రాజమండ్రి సంగతి. మన రాష్ట్రంలో సెంట్రల్ జైళ్లు నాలుగు: రాజమండ్రి, విశాఖ, నెల్లూరు, కడప. ఎక్కువ కాలం శిక్ష పడ్డవాళ్లు ఉండేది ముఖ్యంగా వాటిలోనే. రిమాండు ఖైదీలను కూడా ఒక్కోసారి అక్కడికి పంపుతారు గానీ, పంపినంత మాత్రాన శిక్ష పడినట్టు కాదు. అమ్మగారికి ఈ మాట చెప్పి ముందు అన్నం పెట్టండి.

ఇంకొకరు: అక్కా, మా ఆయన గుంటూరు జిల్లా జైల్లో ఉన్నప్పుడు నేను ఇచ్చిన పైజామా నాడా ఉందని తిప్పి పంపారు. ఎలాస్టిక్ ఉన్నవే తీసుకెళ్లండి. లాయరుకి డబ్బులు లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ నంబరది. మాకు లాయర్ని పెట్టింది వాళ్లే, పైసా తీసుకోలేదు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ చెల్లీ. బాబాయ్ గారూ, బెయిల్ వస్తే ఆ రోజే వదుల్తారా?

జవాబు: వదలాలి. కానీ ష్యూరిటీలు, అంటే జామీను ఉండేవాళ్లని పెట్టి, కోర్టు నుంచి రిలీజ్ ఆర్డర్ సాయంత్రం ఖైదీలను గదుల్లో పెట్టి తాళం వేసే లాకప్ వేళకి ముందే జైలుకి చేరాలి. చేరినా ఇంకో చిక్కుంది. నేను చూసిన కేసులో రిమాండు వారెంటు (జైలుకి పంపుతూ కోర్టు ఇచ్చే కాగితం) మీద తండ్రి పేరు వెంకటేశ్వర్లు, రిలీజ్ ఆర్డర్ మీద వెంకటేశ్వరరావు. ఆ రోజు శనివారం. జైలు వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్లనీ అనలేం, వేరే మనిషిని వదిలితే ఉద్యోగం పోతుంది. ఆ కుర్రాడు సోమవారం దాకా లోపలే ఉన్నాడు. వాళ్ల నాన్న రెండు రాత్రులు గేటు ఎదురుగా అరుగు మీదే పడుకున్నాడు. ఒక్క పేరు సరిచూసుకుంటే తప్పేది, ఇప్పటికీ నాకు బాధే.

బెయిల్ వచ్చాక 7 రోజులకీ బయటికి రాకపోతే, జైలు సూపరింటెండెంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ష్యూరిటీలు దొరకని పేదవాళ్లకి ఇది పెద్ద ఆసరా. ఛార్జిషీటు 60 రోజుల్లో పడకపోతే, పదేళ్లు లేదా అంతకన్నా పెద్ద శిక్ష పడే కేసైతే 90 రోజుల్లో పడకపోతే, బెయిల్ అడిగే హక్కు వస్తుంది. ఈ తేదీ లాయరుతో లెక్క వేయించి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. అడగాల్సింది మనమే.

ప్రశ్న అడిగినవారు: తమ్ముడి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంది. ఏది ఇవ్వమంటారు?

జవాబు: ముందు రిమాండు వారెంటులో ఎలా రాశారో లాయరు గారిని చూడమనండి. బెయిల్ పిటిషన్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. వారెంటులోనే తప్పు పడి ఉంటే బెయిల్ వచ్చేదాకా ఆగకండి, సోమవారమే కోర్టులో సరిచేయించమని మెమో, అంటే చిన్న అర్జీ, వేయించండి.