ఉక్కు ఆర్చి వంతెన: రెండు సగాలు కలిసేదాకా దాన్ని నిలబెట్టేదెలా?

హనుమకొండ విద్యార్థి:
బీటెక్ ప్రాజెక్టుకు 500 మీటర్ల ఉక్కు ట్రస్ (త్రికోణాలుగా కూర్చిన కమ్మీల చట్రం) ఆర్చి రోడ్డు వంతెనను ఎంచుకున్నాము. పూర్తయిన ఆర్చికి లెక్కలు కుదిరాయి గానీ, కట్టే దశలో దాన్ని ఎలా నిలబెట్టాలో తేలడం లేదు. అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

మంచిర్యాల ఫ్యాబ్రికేటర్:
అసలు చిక్కు అక్కడే ఉంది తమ్ముడూ. సగాలు రెండూ కలిసేదాకా అది ఆర్చి కాదు, ఒడ్డు నుంచి గాలిలోకి చాచిన కాంటిలీవర్ (ఒక చివరే ఆసరా ఉన్న దూలం). అందువల్ల తర్వాత నొక్కుడును మోయవలసిన పై కార్డు (ట్రస్ పై అంచు కమ్మీ), కట్టేటప్పుడు లాగుడును తట్టుకోవాలి. సిడ్నీ హార్బర్ వంతెనలో ఒక్కో సగాన్ని 128 కేబుళ్లతో వెనక్కి పట్టి, ఆ కేబుళ్లను రాతిలో తొలిచిన సొరంగం గుండా తిప్పి బిగించారు. 1930 ఆగస్టులో వాటిని కొద్దికొద్దిగా వదులు చేస్తూ సగాలను కలిపారు.

ఎండను కూడా లెక్కలో వేసుకోండి. మా యార్డులో గర్డర్ల (పెద్ద ఉక్కు దూలాల) కొలతలు తెల్లవారుజామునే తీసేవాళ్లం. పొద్దెక్కితే పై ఫ్లాంజి (దూలం అంచు పలక) కాలిపోతూ, కింది ఫ్లాంజి నీడలో చల్లగా ఉండి గర్డరు పైకి వంగేది. ఉదయం చేత్తో దిగిన డ్రిఫ్ట్ పిన్ను (బోల్టు రంధ్రాలను కలిపే మేకు) మధ్యాహ్నం సుత్తి దెబ్బకు కూడా దిగేది కాదు. 500 మీటర్ల ఉక్కు 30 డిగ్రీల తేడాకు దాదాపు 18 సెంటీమీటర్లు సాగుతుంది.

కరీంనగర్ పాఠకుడు:
మానేరుపై కేబుల్ వంతెన వచ్చింది గదా, గోదావరిపై ఇలాంటి ఆర్చి ఎందుకు కట్టరు?

వరంగల్ విశ్రాంత అధ్యాపకుడు:
ఆర్చి ఒడ్లను పక్కకు తోస్తుంది. ఎత్తు స్పానులో (రెండు చివరల మధ్య దూరంలో) ఐదో వంతు ఉంటే, సమంగా పరుచుకున్న మొత్తం బరువులో ఎనిమిదింట ఐదు వంతుల తోపుడు ఒక్కో ఒడ్డుపై పడుతుంది. అమెరికాలో 1977లో ప్రారంభమైన న్యూ రివర్ జార్జ్ వంతెన 518 మీటర్ల ఆర్చికి ఆ లోయ గోడలే దన్ను. మనకు పద్మాక్షి గుట్ట వంటి రాయి ఉన్నచోట నది లేదు, నది ఉన్నచోట ఇసుక మేటలున్నాయి! అటువంటి చోట రెండు చివరలనూ టైతో (అవి విడిపోకుండా లాగి పట్టే అడ్డ దూలంతో) కట్టేసిన బోస్ట్రింగ్ ఆర్చి నయం. రాజమండ్రిలో 1997 నాటి రైలు వంతెన ఆ కోవదే, కాకపోతే అది కాంక్రీటుది.

హనుమకొండ విద్యార్థి:
టై ఉంటే వెనక కేబుళ్ల అవసరం తప్పుతుందా సార్?

వరంగల్ విశ్రాంత అధ్యాపకుడు:
తప్పదు, లేదా మరో ఆసరా కావాలి. టై కూడా ఆర్చి పూర్తయ్యాకే పనిచేస్తుంది. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లోని ఫ్రీమాంట్ వంతెనకు 1973లో మధ్య భాగాన్ని వేరేచోట కూర్చి, నీటిపై తెచ్చి, జాక్‌లతో ఎత్తారు. గోదావరిలో అయితే ఎండాకాలం ఇసుకపై తాత్కాలిక ట్రెసిల్స్ (ఆసరా స్తంభాల చట్రాలు) వేసుకోవచ్చు గానీ, వరద వచ్చేలోగా వాటిని తీసేయాలి. మీ నివేదికలో ఆ నెలల క్రమాన్ని, ఒక్కో దశలో మెంబర్లపై (ట్రస్‌లోని కమ్మీలపై) పడే బలాలను విడిగా చూపండి.