6 కిలోల దారం 8 కిలోల తరగతికి ఎందుకు మారింది?

ప్రశ్న: గత నెలలో జరిగిన గాలపు వేట పోటీలో 6 కిలోల దారం తరగతిలో (దారం బలాన్ని బట్టి చేసిన విభాగంలో) నేను పట్టిన చేపే అన్నింటికంటే బరువైనది. తూకం అయ్యాక న్యాయనిర్ణేతలు నా అల్లిక దారంలో ఒక ముక్క కత్తిరించి పరీక్షించి, అది 6 కిలోలు దాటాకే తెగిందంటూ నన్ను 8 కిలోల తరగతికి మార్చారు. అక్కడ నాకు ఏ స్థానమూ దక్కలేదు. చుట్ట మీద 6 కిలోలనే స్పష్టంగా ముద్రించి ఉంది. ఆ అంకెను నమ్మడం నా తప్పవుతుందా? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: మీరు ఎవరినీ మోసగించాలనుకోలేదు, కనుక మీ బాధ నాకు అర్థమైంది, అయినా నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం (ఐజీఎఫ్ఏ) నియమావళిని అనుసరించే పోటీల్లో లెక్కకు వచ్చేది చుట్ట మీది అంకె కాదు, తడిసిన దారం ఎంత బరువు దగ్గర తెగుతుందన్నదే. నైలాన్ నీరు పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది. అల్లిక దారం అలా పీల్చదు, పైగా ముద్రించిన అంకెను మించి లాగడం దానికి మామూలే. ఇంత బరువు తప్పక ఆపుతుందని తయారీదారు వేసిన అంకెను, ఇంతకు మించి ఆపదని మనం చదువుకుంటున్నాం. తరగతుల పోటీకి క్లాస్ రేటెడ్ అని రాసి ఉన్న దారమే కొనండి. అది ఆ బరువులోపే తెగేలా తయారవుతుంది.

కొన్నాక ఇంట్లోనూ చూసుకోవచ్చు. ముక్కను నీటిలో నానబెట్టి, రెండు కొసలనూ నున్నని గుండ్రటి కర్రలకు ఏడెనిమిది చుట్లు చుట్టి, ఒక కర్రను కొక్కెం త్రాసుకు తగిలించి నెమ్మదిగా లాగండి. ముడి వేస్తే దారం ముడి దగ్గరే ముందుగా తెగిపోయి, అసలు బలం తెలియకుండా పోతుంది.

ప్రశ్న: నా లీడర్ (గాలానికీ అసలు దారానికీ మధ్య కట్టే మందపు దారం) 15 కిలోలది. దాని గురించి ఎవరూ అడగలేదేం?

సమాధానం: ఆ నియమావళిలో లీడర్ బలానికి హద్దు లేదు, పొడవుకే ఉంది. సముద్రపు వేటలో 10 కిలోల వరకు ఉన్న తరగతులకు లీడర్ 4.57 మీటర్లు, దాని పైన రెండు పేటలుగా మడిచిన అసలు దారంతో కలిపి 6.1 మీటర్లు దాటకూడదు. లేకపోతే చేపతో పెనుగులాట చాలావరకు ఆ మందపు దారం మీదే సాగి, తరగతికి అర్థం ఉండదు.

ముక్కను నానబెట్టకుండా పరీక్షించినా, మిగతా విజేతల దారాలను చూడకుండా మీదొక్కటే చూసినా అది పక్షపాతమే అవుతుంది కాబట్టి, పరీక్ష వివరాలు రాతపూర్వకంగా ఇవ్వమని నిర్వాహకులను తప్పక అడగండి.