చాదస్తం, ఛాందసం: ఒకే మాటా?

'పెడాంట్రీ'కి, అంటే చదువుకున్నవాళ్లు చిన్నచిన్న నియమాలు పట్టుకు వేలాడటానికి, తెలుగులో ఏమనాలని అడిగారు. నిఘంటువు తియ్యక్కర్లేదు, మా పెద్దమ్మ రోజుకు నాలుగుసార్లు అనే మాటే: చాదస్తం.

అక్క పెళ్లికార్డు ప్రూఫు వచ్చింది. పెదనాన్న 'మహోత్సవ ఆహ్వానము' దగ్గర ఆగిపోయారు. సంధి చెయ్యాలి, 'మహోత్సవాహ్వానము' అనాలి అని ఎర్రసిరాతో దిద్దారు. ప్రెస్సతను మార్చి తెస్తే ఈసారి 'కళ్యాణ మండపం' కంటపడింది. ళ కాదు, ల అట. "మీ చాదస్తం మండా! వచ్చేవాళ్లు భోజనాలెన్నింటికో చూస్తారు గానీ లకారాలు చూస్తారా?" అంది పెద్దమ్మ.

ఈ మాట ఛాందసం నుంచి వచ్చిందే. ఛందస్సు అనగానే మనకు గణాలూ యతులూ గుర్తొస్తాయి గానీ, వేదానికీ ఆ పేరుంది. వేదం చదివినవాడు ఛాందసుడు. అది తిట్టు కాదు, చదువుకు గుర్తు. అక్షరం, స్వరం పొల్లుపోకుండా వల్లించేవాడి పట్టుదల వంటింటి దాకా వచ్చేసరికి వెక్కిరింత అయిందని నా ఊహ. నోళ్లలో నలిగి ఛ కాస్తా చ అయింది, సున్న జారిపోయింది. కాబట్టి 'ఛాదస్తం' అని రాయకండి. (చూశారా, నాకూ అంటుకుంది.)

తమాషా ఏమిటంటే, సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని 'బహులం ఛందసి' అని చాలాచోట్ల అంటాడు. వేదంలో ఈ సూత్రం ఒకచోట పడుతుంది, ఇంకోచోట పడదు అని. అందుకే మామూలు వ్యాకరణానికి లొంగని రూపం ఎదురైతే వ్యాఖ్యాతలు 'ఛాందసం' అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతారు. అక్కడ ఆ మాట తప్పును క్షమిస్తుంది. మన ఇళ్లలో తప్పును పట్టుకుని వదలదు!

ఇప్పుడు రెండూ దారులు వేరుపడ్డాయి. పత్రికల్లో 'మత ఛాందసవాదం' అంటే భయపడాల్సిన విషయం. చాదస్తానికి ఎవరూ భయపడరు, విసుక్కుంటారు. దానికి చదువూ అక్కర్లేదు. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడోసారి వెళ్లి చూసే బామ్మదీ చాదస్తమే. అందుకే మీరడిగిన అర్థం కచ్చితంగా రావాలంటే 'పండితుల చాదస్తం' అనండి. 'కోడిగుడ్డు మీద ఈకలు పీకడం' మాత్రం వాడొద్దు. అందులో ఎదుటివాణ్ణి తప్పుపట్టాలన్న కుళ్లు ఉంటుంది, పెదనాన్నకు అది లేదు.

పెళ్లిరోజు హాలు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో 'కళ్యాణ' అనే ఉంది. పన్నీరు బుడ్డి పట్టుకుని పెదనాన్న వచ్చినవాళ్లను వదిలేసి దానివంకే చూస్తున్నారు.