సర్వీసు నెట్టుకు తగిలి ఇవతల పడింది: పాయింటా, మళ్లీ వేయాలా?

బురుజు నీడ (కర్నూలు)
తెలిసినవాళ్లు తీర్పు చెప్పండి. ఆదివారం ఉదయం షటిల్ డబుల్స్, మూడో గేమ్. వాళ్లు 20, మేము 19. సర్వీసు వాళ్లది. 20 సరి సంఖ్య కాబట్టి కుడివైపు నుంచి వేశారు, తీసుకోవలసింది నేను. కాక్ నెట్టు పైనున్న తెల్ల పట్టీని రాసుకుని, ఎటు పడాలా అని ఒక క్షణం తటపటాయించి, నా ముందు రాలిపోయింది. నేను రాకెట్ ఎత్తలేదు. ‘లెట్’ అన్నాను, అంటే సర్వీసు మళ్లీ వేయాలని. వాళ్లు ‘గేమ్’ అంటూ చేతులు కలపడానికి వచ్చేశారు.

ఓడిన జట్టు నలుగురికీ ఉగ్గాని బజ్జీ పెట్టించాలన్నది పందెం. డబ్బు ఇచ్చేశాను కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇరవై ఏళ్లుగా మా మైదానంలో నెట్టుకు తగిలిన సర్వీసును మళ్లీ వేయడమే ఆనవాయితీ. ఇప్పుడు కాదంటే ఎలా?

పెన్నా గట్టు (కడప)
ఆనవాయితీ మీ మైదానానిది, నిబంధన ఆటది. నెట్టుకు తగిలినా సరైన గడిలో పడితే ఆ సర్వీసు చెల్లుతుంది. లెట్ లేదు. బజ్జీలు అరిగిపోయి ఉంటాయి, మరచిపోండి.

పదిహేను పాయింట్ల కాలం (కర్నూలు)
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. టెన్నిస్‌లో సర్వీసు నెట్టును తాకి లోపల పడితే మళ్లీ వేస్తారు. అక్కడ ఉన్న న్యాయం ఇక్కడ ఎందుకు ఉండకూడదు? కాక్ పట్టీ మీద దొర్లి పడటంలో ఆటగాడి నేర్పు ఏముంది? అదృష్టంతో వచ్చిన పాయింట్‌ను అడిగి మరీ తీసుకోవడం మర్యాద కాదని మా తరం నమ్మింది.

పైగా నిబంధనలు దేవుడు చెక్కిన రాళ్లు కావు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు ఫైనల్ స్కోరు 15-12, 15-6. అప్పట్లో సర్వీసు చేతిలో ఉన్నవాడికే పాయింట్. డబుల్స్‌లో ఒకరు సర్వీసు పోగొట్టుకుంటే జోడీకి రెండో సర్వీసు ఉండేది. 2006లో ఆ రెండూ పోయాయి. ప్రతి ర్యాలీకీ పాయింట్, 21కి గేమ్. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా కావాలి, 29-29 వరకూ లాగితే ముప్పయ్యో పాయింట్‌తో సరి. ఇన్ని మార్చినవాళ్లు ఇదొక్కటీ మార్చలేరా?

గాలిమర (అనంతపురం)
సార్, వయసులో పెద్దవారు, కోపగించుకోకండి. ఇక్కడ పిల్లలకు ఆట నేర్పుతుంటాను, ప్రతి వేసవిలోనూ ఇదే తగవు తీర్చాలి. టెన్నిస్‌తో పోలిక కుదరదు. అక్కడ సర్వీసు గడి నెట్టు పాదం దగ్గరే మొదలవుతుంది. పట్టీని తాకిన బంతి నెట్టు మొదట్లోనే చతికిలపడినా లోపలే పడినట్టు. తీసుకునేవాడు ఎక్కడో వెనుక ఉంటాడు కాబట్టి వాణ్ని కాపాడటానికి లెట్ అవసరమైంది.

షటిల్‌లో ఆ కాపలా నేల మీదే గీసి ఉంది. నెట్టుకు 1.98 మీటర్ల దూరంలో, అంటే ఆరున్నర అడుగుల దగ్గర, ముందు గీత ఉంటుంది. సర్వీసు ఆ గీత మీదో, దాన్ని దాటి ఎదురు మూల గడిలోనో పడాలి. నెట్టుకు, గీతకు మధ్య పడితే సర్వీసు వేసినవారిదే తప్పు, పాయింట్ అవతలివాళ్లకు. పట్టీ మీద దొర్లి చచ్చినట్టు రాలిన కాక్ ఆరున్నర అడుగులు ముందుకు రావడం అరుదు. తీసుకునేవాడు కంగారుపడి అందుకుంటేనే దానికి ప్రాణం వస్తుంది, ఆట సాగుతుంది. ముట్టుకోకపోతే చాలాసార్లు పాయింట్ వాడిదే.

లెట్ ఇవ్వడానికి వేరే సందర్భాలున్నాయి. తీసుకునేవాడు సిద్ధం కాకముందే సర్వీసు వేయడం, ఆట మధ్యలో కాక్ పీలికలైపోవడం, పక్క కోర్టు కాక్ వచ్చి మధ్యలో పడటం లాంటివి. ర్యాలీలో కాక్ పట్టీ మీద కూర్చుండిపోయినా లెట్టే, కానీ సర్వీసులో కూర్చుంటే తప్పు. ఈ చివరిది వినగానే పిల్లలు నన్ను అనుమానంగా చూస్తారు.

కాబట్టి అన్నా, మీరు అడగవలసింది నెట్టు గురించి కాదు. కాక్ ఎక్కడ పడింది?

పెన్నా గట్టు (కడప)
ఇది నాకు తట్టలేదు. నా మొదటి మాటలో ‘సరైన గడిలో పడితే’ అన్నాను కాబట్టి తప్పించుకున్నాను.

వేపకొమ్మ (అనంతపురం)
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? మా ఊళ్లో ఆషాఢ మాసపు గాలికి ఇటు వేసిన కాక్ అటు పోతుంది. ఆరుబయట ఆడేవాళ్లకు గాలి వచ్చినప్పుడల్లా, కాక్ చెట్టుకొమ్మకు తగిలినప్పుడల్లా లెట్ ఇవ్వాలని నా వాదన.

గాలిమర (అనంతపురం)
ఇస్తే మన జిల్లాలో ఒక్క గేమూ పూర్తికాదు! అనుకోని సంఘటనకు లెట్ ఉంది, నిజమే. గాలి వీస్తోందని టాస్ వేసేటప్పుడే ఇద్దరికీ తెలుసు కదా. అందుకే ప్రతి గేమ్‌కూ వైపులు మారతారు, మూడో గేమ్‌లో ఎవరో ఒకరు 11కి చేరగానే మళ్లీ మారతారు. చెట్టుకొమ్మ విషయం వేరు. హాలు కట్టడంలో అడ్డంకులు ఉంటే స్థానిక సంఘం సొంత నియమం పెట్టుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. అదే తీరున ఆట మొదలుకాకముందే మీ కొమ్మ సంగతి తేల్చుకోండి, పాయింట్ పోయాక కాదు.

పదిహేను పాయింట్ల కాలం (కర్నూలు)
ముందు గీత మాట ఒప్పుకుంటున్నాను. అది గుర్తురాకపోవడం నా మతిమరుపు. అదృష్టపు పాయింట్ గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

బురుజు నీడ (కర్నూలు)
ఈ ఉదయం టేపు పట్టుకుని వెళ్లాను. మా సిమెంటు కోర్టు మీద ముందు గీత మచ్చుకైనా లేదు! రంగు ఎప్పుడు చెరిగిందో ఎవరికీ గుర్తులేదు, ఇన్నాళ్లూ చూపు అంచనాతో ఆడేస్తున్నాం. తాడు లాగి ఆరున్నర అడుగుల దగ్గర ముగ్గుపిండితో గీశాను. కాక్ పడిన చోటు గీతకు జానెడు ముందే ఉంది, అంటే నెట్టువైపు. ఆదివారం సర్వీసు వేసిన పెద్దాయన కూడా చూసి కాదనలేకపోయారు. పాయింట్ మాదే అన్నమాట. 20-20.

అయితే ఆయన ఊరుకోలేదు. ‘నువ్వు ఎక్కడ నిలబడ్డావో చూపించు’ అన్నారు. చూపించాను. నా ఎడమ పాదం గీతకు అడుగు ముందుంది.

గాలిమర (అనంతపురం)
అయ్యో. సర్వీసు వేసేవారు కాక్‌ను కొట్టే వరకూ తీసుకునేవాడు తన గడిలోనే, గీతలు తొక్కకుండా నిలబడాలి. మీదీ తప్పే. సర్వీసులో ఇద్దరూ తప్పు చేస్తే లెట్ అని ఉంది. ఆదివారం మీరు అడిగింది అదే కదా!

పెన్నా గట్టు (కడప)
ఆగండి. పాదం తప్పు కాక్‌ను కొట్టిన క్షణంలోనే జరిగిపోయింది. కాక్ నేల మీద పడింది ఆ తరువాత. ముందు తప్పు చేసినవారిదే నష్టం కాదా? నా లెక్కలో గేమ్ వాళ్లదే.

బురుజు నీడ (కర్నూలు)
పెద్దాయన కూడా అదే అంటున్నారు. బజ్జీల డబ్బు సగం వెనక్కి ఇస్తానని మాత్రం ఒప్పుకున్నారు.