రిపేర్లు సగంలో ఉండగానే ఇల్లు చూపించవచ్చా?

అందరికీ నమస్కారం. గుంటూరులో నాన్నగారు 1994లో కట్టించిన డాబా ఇల్లు అమ్మకానికి పెట్టాం. వెనక గదిలో శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. మేస్త్రీ తుప్పు గీకించి కొత్తగా ప్లాస్టరింగ్ చేశాడు. రోజుకు రెండుసార్లు నీళ్లు కొడుతున్నాం, గది నిండా పచ్చి సిమెంటు వాసన. లప్పం, రంగులకు ఇంకో నెల ఆగమంటున్నాడు.

ఈలోగా ఆషాఢం అయిపోయి శ్రావణం వచ్చేస్తోంది. మధ్యవర్తి ఈ ఆదివారమే ఇద్దరిని తీసుకొస్తానంటున్నాడు. "పైపైన సున్నం కొట్టించి, ఆ గదికి తాళం వేసేయండి" అని ఆయన సలహా. దానికి నాకు మనసొప్పడం లేదు. రేపు ఆ శ్లాబు కింద వాళ్ల పిల్లలు పడుకుంటారు కదా. పోనీ ఉన్నదున్నట్టు చూపిద్దామంటే, ఆ సిమెంటు మచ్చలు చూసి ఇల్లంతా ఇంతేననుకుని బాగా తగ్గించి అడుగుతారేమోనని టెన్షన్. నాన్న కట్టిన ఇంటికి ఎవరైనా వంక పెడితే అమ్మ అసలు తట్టుకోలేదు.

పెచ్చులూడినప్పటి ఫోటోలు, సిమెంటు బిల్లులు తీసిపెట్టాను. అవి చూపిస్తే నమ్ముతారా? మిగిలిన పని మేమే చేయిస్తామని అగ్రిమెంటులో రాసివ్వడం మంచిదా, లేక ఆ ఖర్చు ధరలో తగ్గించేయడమా? ఇలా అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆదివారంలోగా దయచేసి చెప్పండి.