యోర్దాన్ యోవ్‌కోవ్ జీవిత వివరాలు: తేదీలు, ఊళ్లు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న:
బల్గేరియా కథకుడు యోవ్‌కోవ్ మీద పరిచయ వ్యాసం రాస్తున్నాను. పుట్టిన తేదీ ఒకచోట 1880 అక్టోబర్ 28, ఇంకోచోట నవంబర్ 9. ఏది సరి? ఆయన పంతులుగా చేసిన పల్లెలు ఇప్పుడు రొమేనియాలో ఉన్నాయా, బల్గేరియాలోనా? ముందు ఏ కథలు చదవాలి?

జవాబు 1:
రెండూ సరే. అక్టోబర్ 28 పాత జూలియన్ లెక్క, నవంబర్ 9 ఇప్పటి లెక్క. బల్గేరియాలో 1916 దాకా జూలియన్ క్యాలెండరే. ఆ ఏడు మార్చి 31 మర్నాడు ఏప్రిల్ 14 అయింది. 19వ శతాబ్దం తేదీకి 12 రోజులు కలపాలి. చాలామంది అలవాటుగా 13 కలిపేసి నవంబర్ 10 చేస్తారు, అది తప్పు. పోయింది 1937 అక్టోబర్ 15న, ప్లోవ్‌దివ్‌లో. దానికి ఏమీ కలపొద్దు.

జవాబు 2:
ఊళ్ల చిక్కంతా సరిహద్దు వల్లే. పుట్టింది కొండల్లోని జెరవ్నాలో, పంతులుగిరి ఎక్కువగా దోబ్రుజా మైదానంలో. దక్షిణ దోబ్రుజా 1913లో రొమేనియాకు పోయి, 1940లో క్రయోవా ఒప్పందంతో తిరిగొచ్చింది. కాబట్టి బల్గేరియా మ్యాపులోనే వెతకండి, పేర్లు మాత్రం చూసుకోండి. దోబ్రిచ్ రొమేనియా ఏలుబడిలో బజార్జిక్, 1949 నుంచి 1990 దాకా తొల్బుఖిన్. ఆయన కుటుంబం స్థిరపడ్డ చిఫుత్ కుయుసు ఇప్పుడు యోవ్‌కోవో.

ఇంకోటి. "పంతులుగిరి మానేసి రచయిత అయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. 1912లో బాల్కన్ యుద్ధానికి వెళ్లాడు, తర్వాత వర్నాలో మళ్లీ పంతులయ్యాడు, 1920 నుంచి 1927 దాకా బుకారెస్ట్‌లోని బల్గేరియా దౌత్య కార్యాలయంలో ఉద్యోగం చేశాడు. 'స్తారా ప్లానినా గాథలు' 1927లో, 'అంతిమోవో సత్రంలో సాయంత్రాలు' 1928లో వచ్చాయి. ఆ రెండో పుస్తకం వెలువడేనాటికి అందులోని మైదానం పరాయి దేశం. వ్యాసానికి అసలు విషయం అదే అనిపిస్తుంది నాకు.

జవాబు 3:
ముందు 'తీగ వెంట' చదవండి. జబ్బుపడ్డ కూతురికి నయమవుతుందన్న ఆశతో తెల్ల వానకోయిలను వెతుక్కుంటూ బండి కట్టిన తండ్రి కథ, చిన్నదే. తర్వాత బండ్లు చేసే సాలి యషార్ కథ 'చక్రాల పాట', ఆపైన 'షిబిల్'.

ఇంకో బల్గేరియా కథకుడు ఎలిన్ పెలిన్‌తో కలిపేయకండి. ఆయనా పల్లె పంతులే, కానీ సోఫియా దగ్గరి బైలోవోలో.

లైబ్రరీ క్యాటలాగుల్లో యోవ్‌కోవ్ ఇంటిపేరు మొదటి అక్షరం లాటిన్ లిపిలో వై, జె, ఐ మూడు రకాలుగానూ ఉంటుంది, మూడూ కొట్టి చూడాలి. 'అల్బెనా' అని వెతికితే ముందు నల్ల సముద్రం ఒడ్డు హోటళ్లే వస్తాయి. ఆ విహార కేంద్రానికి పేరు ఈయన నాయికదే. పక్కన 'నాటకం, 1930' చేర్చండి.